నూలుపోగంత పొగ

మా నగరిలో భువనేశ్వరి నోటికి జడవని మనిషి లేడు. నేనూ జడుస్తాను, చెప్పుకోవడానికి సిగ్గెందుకు? నా మరమగ్గాల షెడ్డుకూ ఆమె పనిచేసే రేకుల కొట్టానికీ మధ్య ఒక్కటే గోడ. ఇటు నా మగ్గాలు టకటకలాడుతుంటే అటు ఆమె లేత్ మిషను జుయ్యిమంటూ కొయ్యను చెక్కుతూ ఉంటుంది. నా మగ్గం ఆగితే పనివాడు వచ్చి చెబితే గానీ నాకు తెలియదు. గోడవతల లేత్ ఆగితే మాత్రం చప్పున తలెత్తుతాను. ఏళ్ల తరబడి అలవాటైన చెవులు మరి.

ఆ లేత్ ఆమె నాయన ఆదికేశవులుది. మగ్గాలకు నాడెలు చేయడంలో ఆయన్ని మించినవాడు ఈ చుట్టుపక్కల ఉండేవాడు కాదు. నాడె అంటే పడుగు దారాల నడుమ అటూ ఇటూ పరుగెత్తే చిన్న కొయ్య పడవ. దాని కడుపులో నూలు చుట్టిన కండె ఉంటుంది. నూలు బయటికి రావడానికి పక్కన ఒక కన్ను ఉంటుంది. కండె మార్చినప్పుడల్లా నేతగాడు ఆ కంటికి పెదవులు ఆనించి ఊపిరి లోపలికి పీలుస్తాడు, నూలు కొస బయటికొస్తుంది. వినడానికి ఇంతే. గట్టిగా పీలిస్తే నూలు వెంట దుమ్ము కూడా వచ్చి రొమ్ములో కూర్చుంటుంది. మరీ మెల్లగా పీలిస్తే నూలు కదలదు. ఆ రెంటికీ నడుమ ఉన్న ఊపిరేదో తెలిసినవాడే మా ఊళ్లో నేతగాడు.

ఆదికేశవులుకు కొడుకులు లేక కూతురికి పని నేర్పలేదు. కొడుకులకు ఓపిక లేక నేర్పాడు. నాడె పూర్తికాగానే చిన్నప్పటి భువనేశ్వరి చేతికిచ్చి, "పీల్చి సూడు పాపా. నూలు రావల్ల, దుమ్ము రాకూడదు" అనేవాడు. ఆ పిల్ల కళ్లు మూసుకుని పీల్చి, బాగుంటే తల ఊపేది. బాగాలేకపోతే నాయనను తిట్టేది. అప్పటినుంచే అంత నోరు.

కాలం మారింది. నాడెలు అక్కర్లేని మగ్గాలు ఊళ్లోకి దిగాయి. నాలాంటి పాతకాలం వాళ్లు నలుగురైదుగురం మిగిలాం. మా నాడెలు బాగుచేస్తే ఆమె లేత్‌కు వారంలో ఒక పూట పని. మిగతా రోజులు ఆమె కొట్టాం వాకిట్లో కూర్చుని దారినపోయేవాళ్లతో తగాదాలు పెట్టుకునేది.

ఆమె భర్త గుణశేఖర్ నెమ్మదస్తుడు. ఆమె పక్కన నెమ్మదిగా ఉండక చేసేదేముంది లెండి. తెల్లవారగానే మా వీధి మలుపులో శ్రీ సిటీ ఫ్యాక్టరీ బస్సు ఎక్కి, పొద్దుగూకాక దిగేవాడు. మంచి మనసుతోనే అనేవాడు: "ఇంకా ఎన్నాళ్లు ఈ కొయ్యపొట్టు మింగుతావు మే? మా కంపెనీలో ఆడోళ్లను తీసుకుంటా ఉండారు. సల్లగా ఏసీలో కూసోని చేసే పని."

"కూసోని చేసే పని నాకు రాదు. ఈ కాళ్లకు లేత్ కాడ నిలబడేదే తెల్సు" అనేది ఆమె. మాట కటువుగానే ఉన్నా ఆ లేత్ వైపు చూసిన చూపులో దిగులుండేది. నేను గమనించాను.

అట్లాంటి రోజుల్లో దేవరాజులు వచ్చాడు. రేణిగుంటలో రైలింజను డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, మా వెనక వీధి. ఆయనకు పైపు తాగే అలవాటు. దొరలు పళ్ల మధ్య కరుచుకునే కొయ్య పైపు, గిన్నెలో పొగాకు కూరి కాడలోంచి పీల్చేది. నోట్లో పెట్టే కాడ పుటుక్కున విరిగి, దాని మొన గిన్నె మెడలో ఇరుక్కుపోయింది. తిరుపతిలో గడియారాల వాడి దగ్గరికి, వేలూరులో కళ్లద్దాల వాడి దగ్గరికి తిరిగి, ఎవరూ ముట్టకపోతే భువనేశ్వరి ముందు పెట్టాడు.

ఆమె ఇరుక్కున్న మొనను తొలిచి తీసేసింది. ఎనుము కొమ్మును నిప్పుల సెగన మెత్తబరిచి, లేత్‌కు పట్టి, కొత్త కాడ చేసి బిగించింది. అంతటితో ఊరుకోవచ్చు. అలవాటున నూలు కొస గిన్నెలో వేసి, కాడకు పెదవులు ఆనించి పీల్చింది. నూలు రాలేదు.

"పెద్దాయనా, ఇంతకు ముందు ఎవురో దీన్ని బాగుచేస్తానని లోపల పొగ పోయే దావంతా వంకరగా తొలిసినాడు."

"ఏమో పాపా, చానా ఏండ్ల నుంచి గుటగుటమని నీళ్ల సద్దు వస్తా ఉండాది. నేను ఆవిరింజన్ల కాలం మనిషిని గదా, అట్లుంటేనే బాగుండాది అనుకుంటి."

ఆమె దారి సరిచేసింది. మళ్లీ నూలు వేసి పీల్చింది. ఈసారి నూలు కొస గిన్నెలోంచి బయలుదేరి సుతారంగా ఆమె పెదవుల మధ్యకు వచ్చి నిలిచింది. దేవరాజులు అక్కడే వెలిగించి ఒక్క దమ్ము లాగి, మాట్లాడకుండా కూర్చుండిపోయాడు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టి ఇప్పటికీ ఆపలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మద్రాసులో పైపుల కొట్టు పెట్టుకున్న భానుచందర్ అనే పుత్తూరు మనిషి చెవిన వేశాడు. కొన్నాళ్లకే విరిగిన కాడలు, పగిలిన మెడలు, మాడిన గిన్నెలు పెట్టెల్లో మా వీధికి రావడం మొదలైంది. గోడవతల లేత్ రోజూ మోగసాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

బాగుచేసే చెయ్యి తయారుచేయకుండా ఊరుకుంటుందా? సొంతంగా పైపులు చేస్తానంది. కొయ్య కోసం వెతికే పని కూడా లేదు. ఆదికేశవులు వదిలిపోయిన నాడె దిమ్మెలు అటకనిండా ఉన్నాయి. తుమ్మ చేవను కోసి, చెనక్కాయల నూనె డ్రమ్ములో నానబెట్టి, ఏళ్లపాటు ఆరబెట్టిన సరుకు. నూనె తాగిన నాడె జారుతుంది, పగలదు. మా వీధిలో ఏ ముసలమ్మను అడిగినా అదే చెబుతుంది. అందుకే మేమంతా ఆ దిమ్మెలు చూసి, బంగారంలాంటి కట్టె అన్నాం. ఆమె చేసిన పైపులు కూడా చూడముచ్చటగా ఉన్నాయి. నూనె కట్టె కాబట్టి మెరుగు పెట్టకుండానే మెరిశాయి. భానుచందర్‌కు పంపింది.

ఫోను వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. స్పీకరులో పెట్టింది, పొగడ్త నలుగురూ వినాలని.

"ఏంమా, నువ్వు పంపినది పైపులా, బాణళ్లా?" అన్నాడు భానుచందర్. "గిన్నె వేడెక్కితే సాలు, షాపంతా బజ్జీల వాసన! కస్టమరు ఒకాయన రెండు దమ్ములు లాగి, చట్నీ యాడ అని అడుగుతా ఉండాడు."

నాకు నవ్వు ఆగలేదు. ఆమె నావైపు చూసిన చూపుకు ఆగింది.

మరి నాడెకు నిప్పుతో పనేముంది? నూనె తాగిన కట్టె మంచిదని నమ్మి, దాన్ని తీసుకెళ్లి నిప్పుకు గిన్నె చేసే పొరపాటు మా నేతగాళ్లు తప్ప ఇంకెవరు చేస్తారు? భానుచందర్ మాత్రం మెత్తబడలేదు. రిపేర్లు చేసుకో, కొత్తవి నా కొట్టుకు వద్దు అన్నాడు. ఆమె బతిమాలదు కదా. "తప్పు కట్టెది కాదన్నా, నాది. నా పైపు పెట్టల్లంటే నేనేం చేయల్లో చెప్పు" అని గద్దించింది.

అతను ఒక దారి చూపాడు. ఏటా వానలు వెనకబట్టాక మద్రాసులో పైపులవాళ్లంతా ఒకచోట చేరి పందెం పెట్టుకుంటారు. పైపులు చేసేవాళ్లకు అందులో వేరే వరస ఉంది. ఎవరు చేసిన పైపును వాళ్లే తాగాలి. అందరికీ ఒకే కొలత పొగాకు. మొదట వెలిగించుకోవడానికి రెండు అగ్గిపుల్లలు, ఆ తర్వాత నిప్పు తగిలించకూడదు. చివరిదాకా ఎవరి గిన్నె ఆరకుండా ఉంటే వాళ్లు గెలిచినట్టు. "ఆడ నెగ్గి సూపీ. నా షాపు అద్దాల్లో నీ పైపులే పెడతా" అన్నాడు.

ఫోను పెట్టేశాక భువనేశ్వరి అటక మీది దిమ్మె ఒకటి దించి వాసన చూసింది. ఆ సాయంత్రం నా షెడ్డు వెనక నూలు ఉడుకుతోంది. మిల్లు నూలుకు జిడ్డు ఉంటుంది, సోడా వేసి ఉడకబెడితే గానీ రంగు పట్టదు. ఆమె వచ్చి ఆ అండాలోకి తొంగిచూసింది.

"మునీంద్రన్నా, నూలు జిడ్డు సోడాతో పోతుంది గదా. కట్టె చేసిన పాపమేంది?"

మర్నాడే నా అండా ఎత్తుకుపోయింది. అడగలేదు, చెప్పింది. దిమ్మెలను సోడా నీళ్లలో ఉడకబెడితే నూనె తెట్టె కట్టి పైకి తేలింది. సంబరపడి ఎండలో ఆరబెట్టింది. చిత్తూరు ఎండ గదా, సాయంత్రానికి దిమ్మెలన్నీ చీలి నోళ్లు తెరిచాయి. మళ్లీ ఉడకబెట్టి, ఈసారి రైసుమిల్లు ఊకలో పూడ్చిపెట్టింది. ఊకలో నెమ్మదిగా, నీడన ఆరనిచ్చింది. వేసవి పోయి వానలు పట్టేదాకా ఆ ఊక కుప్ప జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. కోడి గీరితే కోడిని తిట్టింది, కోడిగల ఆమెను కూడా తిట్టింది.

ఊక తీసినప్పుడు దిమ్మెలు చీలలేదు. తేలికయ్యాయి. పొయ్యి సెగకు పెట్టి వాసన చూస్తే ఉత్త కట్టె వాసన. ఒక దిమ్మెతో కొత్త పైపు చెక్కింది. ఆ రోజు భువనేశ్వరి నాకు కాఫీ ఇచ్చింది. గోడవతల ఇన్నేళ్లున్నాను, అదే మొదటిసారి.

ఈలోగా గుణశేఖర్ ఆమెకు ఫ్యాక్టరీలో పని ఖాయం చేసి వచ్చాడు. మద్రాసు పందెం ఆదివారం. పనిలో చేరాల్సింది మర్నాడు సోమవారం. బస్సులో సీటు కూడా మాట్లాడేశాడు. కొట్టాంలో పెద్ద గొడవ జరుగుతుందని నేను గోడకు చెవి పెట్టాను. జరగలేదు. ఆమె గొంతు వింతగా తగ్గి వినిపించింది.

"సరే. నా పైపు కాలినా, పగిలినా, నడమ ఆరిపోయినా సోమారం నీ వెంట బస్సెక్కుతా. లేత్‌కు గోనెపట్టా కప్పేస్తా. గెలిస్తే మాత్రం నువ్వు బస్సు మాట ఎత్తకూడదు."

"ఎత్తను" అన్నాడు గుణశేఖర్. ఆ మనిషి ఒక్క మాటే అంటాడు, తప్పడు.

ఇక మిగిలింది తాగడం. జన్మలో బీడీ ముట్టని మనిషి. దేవరాజులు గురువుగా కూర్చున్నాడు. "లాగు పాపా, ఇంజనుకు బొగ్గేసినట్ట లాగల్ల!" అని ఆయన చెబితే ఆమె లాగింది. దగ్గింది, కళ్లు తిరిగి గోడకు ఆనుకుంది. గిన్నె కాలిపోతూ పట్టుకోవడానికి వీల్లేకుండా వేడెక్కి, ఆరిపోయింది. వీధిలో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. "మా అవ్వ చుట్ట తాగితే మీ అవ్వే నిప్పు తెచ్చిచ్చింది, పోండి" అని ఆమె వాళ్ల నోళ్లు మూయించింది గానీ, లోలోపల బెదిరింది. రోజూ అంతే. కాసేపటికే పొగ ఆరిపోయేది.

ఒక మధ్యాహ్నం చికాకుతో పైపును బల్ల మీదకి విసిరి, నా నాడె ఒకటి అందుకుంది. కంటికి కొత్త పింగాణి పూస వేసి, మామూలుగా నూలు పీల్చింది. పీల్చి, నాడెను అలాగే పెదవుల దగ్గర ఉంచుకుని ఆగిపోయింది.

"ఓ పెద్దాయనా! నువ్వు నాకు ఇంజను నేర్పిస్తా ఉండావు. నాకు నాడె గదా వచ్చేది!"

పైపు అందుకుంది. పొగాకును కండె చుట్టినట్టు కూరింది, అడుగున వదులుగా, పైకి వచ్చేకొద్దీ బిగువుగా. వెలిగించి, నూలు పీల్చే ఊపిరితో పీల్చింది. దగ్గు రాలేదు. గిన్నె వేడెక్కలేదు. నేను మగ్గం మీంచి ఒక చాపు గుడ్డ కోసి మడతపెట్టి వచ్చేసరికి కూడా అది వెలుగుతూనే ఉంది. దేవరాజులు మొహం చిన్నబుచ్చుకుని, "ఇంతకాలం నేను తాగింది పొగ కాదు, మంట" అన్నాడు.

పందెం నాటి ఆదివారం మా ఊరి స్టేషను ఏకాంబరకుప్పంలో రైలెక్కి భువనేశ్వరీ, దేవరాజులూ, నేనూ మద్రాసు పోయాం. గుణశేఖర్ రానన్నాడు. తను ఎదురుగా ఉంటే ఆమెకు కోపమొచ్చి ఊపిరి తప్పుతుందని అతని భయం. పాత బంగళా వరండాలో బల్లలు వేశారు. రకరకాల గడ్డాలు, టోపీలు. పైపులు చేసేవాళ్ల వరసలో అంతా మగవాళ్లే, నడుమ మా నగరి నూలు చీరలో భువనేశ్వరి. పందెం నడిపే రెబెకా అనే ఆమె చేతిలో గంట పట్టుకుని తిరుగుతోంది. భానుచందర్ ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

భువనేశ్వరి రొండిన దోపుకున్న కండె తీసింది. నూలు కొస గిన్నెలో వేసి ఒక్క ఊపిరితో కాడలోంచి బయటికి లాగింది. చుట్టూ ఉన్నవాళ్లు ఇదేదో పూజ అనుకుని నిశ్శబ్దంగా చూశారు.

గంట మోగింది. ఆమె మొదటి అగ్గిపుల్ల గాలికి ఆరింది. దేవరాజులు నా చెయ్యి పట్టుకున్నాడు. రెండో పుల్ల గీసి, అరచేతులు దొప్పలా చేసి, వెలిగించింది. అంటుకుంది. ఇక ఆ నిప్పే ఆధారం.

మొదట్లో వరండా అంతా మేఘాలు కమ్మినట్టు పొగ. ఆమె గిన్నె మీద మాత్రం పొగ ఉందో లేదో తెలియడం లేదు. ఒకరి తర్వాత ఒకరు పైపు బల్ల మీద పెట్టి, నవ్వుతూ లేచిపోతున్నారు. పొగ సన్నమై, మనుషులు పలచబడి, చివరికి ఇద్దరే మిగిలారు. ఒకరు భువనేశ్వరి. రెండోది కోయంబత్తూరు నుంచి వచ్చిన బుర్రమీసాలాయన, నిరుడు గెలిచిన మనిషి. ఆయన గిన్నెలోంచి ఇంకా నిండుగా పొగ వస్తోంది. ఆమె గిన్నె చూస్తే బూడిద, అంతే.

రెబెకా ఆమె దగ్గర ఆగి, ఆరిపోయిందా అని అరవంలో అడిగింది. బుర్రమీసాలాయన గెలిచాననుకుని సగం లేచాడు కూడా. నాకు గోనెపట్టా కప్పిన లేత్ కళ్లముందు కనిపించింది. గోడవతల చప్పుడు లేకుండా ఎట్లా పనిచేయడం అని నా స్వార్థం కొద్దీ ఏడుపొచ్చింది.

భువనేశ్వరి ఒక వేలు ఎత్తింది, ఆగమన్నట్టు. కళ్లు మూసుకుంది. చిన్నప్పుడు నాయన ముందు నిలబడి నాడె అందుకున్న పిల్ల ఎట్లా మూసుకునేదో అట్లాగే. పీల్చింది. ఏమీ రాలేదు. ఇంకాస్త పీల్చింది, తొందరపడలేదు. బూడిద కింద ఎర్రటి చుక్క ఒకటి మేలుకుంది. ఆమె పెదవుల కొసన పొగ లేచింది. నూలుపోగంత పొగ, సన్నగా, తెగకుండా.

రెబెకా తల ఊపి ముందుకు కదిలింది.

బుర్రమీసాలాయన గాభరాపడ్డాడు. కూర్చుని, తన నిప్పు కాపాడుకుందామని బలంగా ఒక్క లాగు లాగాడు. నోటినిండా బూడిద వచ్చింది. దగ్గి, తుమ్మి, కళ్లు తుడుచుకుని చూసుకునేసరికి గిన్నె చల్లారిపోయింది. దుమ్ము రాకూడదని ఆదికేశవులు ఊరికే చెప్పలేదు!

గంట మోగింది. నేను ఏమని అరిచానో నాకే తెలియదు. దేవరాజులు నోట్లో రెండు వేళ్లు పెట్టి రైలు కూత కూశాడు. ఓడిన పెద్దమనిషి పడీపడీ నవ్వుతూ వచ్చి, ఆమె గిన్నెను చేతిలోకి తీసుకుని చూశాడు. ఎక్కడా కాలలేదు, చీలలేదు. గోరువెచ్చగా ఉంది, అంతే. దాన్ని అందరికీ ఎత్తి చూపించాడు. వరండా మొత్తం చప్పట్లు కొట్టింది.

భానుచందర్ కూడా వచ్చాడు. గిన్నెలో ముక్కు పెట్టి గట్టిగా వాసన పీల్చాడు.

"ఏమన్నా, చట్నీ యాడ అని అడగవా?" అంది భువనేశ్వరి.

తన మాటకు తనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. ఆమె ఏడవడం నేను చూసింది రెండుసార్లే. ఆదికేశవులు పోయిన రోజు ఒకటి, ఇది ఒకటి. ఆమె మళ్లీ పొగ ముట్టలేదు, ముట్టాల్సిన పని లేదు. ప్రతి పైపునూ నూలుతోనే పరీక్షిస్తుంది. భానుచందర్ కొట్టు అద్దాల్లో ఇప్పుడున్నవన్నీ అట్లా నూలు దాటి వచ్చినవే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా భువనేశ్వరికి రచ్చ గెలవడం అయింది గానీ, ఇంటి సంగతి తేలాల్సింది సోమవారం. తెల్లవారకముందే నేను వీధి మలుపులో టీ గ్లాసుతో నిలబడ్డాను. టీ కోసం కాదని అందరికీ తెలుసు. శ్రీ సిటీ బస్సు వచ్చి ఆగింది. గుణశేఖర్ క్యారియరు చేత్తో పట్టుకుని ఒక్కడే మెట్టెక్కాడు.

"కొత్తామె చేరతాదంటివే, యాడప్పా?" అన్నాడు డ్రైవరు.

గుణశేఖర్ మెట్టు మీదే ఆగి, మా సందు వైపు చెవి పెట్టాడు. జుయ్యిమంటూ లేత్ మోగుతోంది. నేను ఎన్నో ఏళ్లుగా చూస్తున్న ఆ నెమ్మదస్తుడి మొహం నిండా అంత నవ్వు ఎప్పుడూ చూడలేదు.

"ఇనపడల్యా? ఆమె పనిలో చేరిపోయింది" అన్నాడు. "నువ్వు పోనీ."